రెండు దిక్కులా చారల గాడిదే

ఉరవకొండ నుంచి బెళుగుప్పకు పోయే దారిలో ఒక చేను. గట్టు మీద ఒక పాత బోరు, పక్కన కొత్త బోరు వేసే లారీ. దాని నీడలో హరినాథ్, అతని తమ్ముడు జయరాముడు, ఇద్దరి నడుమ రిటైరైన బస్సు కండక్టరు అంజినప్ప.

“రూపాయి బిళ్ళ వద్దు మామా. అది వాడి జేబులోంచి వచ్చింది. వాడి జేబులోది వాడి మాటే వింటాది.”

“రూపాయి ఎవురి మాటా వినదు హరినాథూ. నువ్వేమంటావప్పా జయరాముడూ?”

“ఆయప్ప ఐదు రూపాయల బిళ్ళ గూడా నాకొద్దు. ఆ మాట ఆయప్పకు చెప్పు మామా.”

“ఆయప్ప నీ పక్కనే ఉండాడు కదప్పా. మీ ఇద్దరికీ మూడడుగుల దూరం లేదు, నడుమ నేను పోస్టుమాన్ పని చేయల్లనా?”

“ఐదేండ్లాయ మామా మాటల్లేక. ఈ పొద్దు కొత్తగా ఏంటికి?”

“సరే. నేను చెప్పేది ఇద్దరూ వినండి. పట్టా ఇంకా మీ నాయన పేరు మీదనే ఉండాది కాబట్టి గవర్మెంటు ఒక్క బోరే ఇచ్చింది. నీళ్ళు చూసేకి టెంకాయ పట్టుకొని తిరిగిన పెద్దమనిషి రెండు పాయింట్లు చూపించినాడు. పెద్దోడి చేన్లో ఒకటి, చిన్నోడి చేన్లో ఒకటి. యాడ ఏయల్లనో బిళ్ళ ఎగరేసి తేల్చుకుంటామని నిన్న ఇద్దరూ ఒప్పుకున్నారు. అంతేనా?”

“అంతే. నా చీనీకాయల చెట్లు ఎండిపోతాండాయని వాడికి చెప్పు మామా.”

“నావి అప్పుడే ఎండిపోయినాయని ఆయప్పకు చెప్పు.”

“ఎండిపోయినంక నీళ్ళేంటికని అడుగు వాన్ని.”

“కొత్తవి నాటుకునేకి అని చెప్పు.”

“అయ్యో, గమ్మునుండండప్పా! లారీ డ్రైవరు మూడు తూర్లు హారను కొట్టినాడు. పదకొండు దాటితే గుత్తి పోతాడంట, ఆడ ఇంకెవురికో ఏయల్లంట. మీ దుడ్ల మీద మీకు నమ్మకం లేదని తెలిసే నేను నా డబ్బా తెచ్చినా.”

“బిస్కెట్ల డబ్బానా మామా?”

“పైకి బిస్కెట్లు. లోపల ముప్పై నాలుగు దేశాలు. పుట్టపర్తి బస్సులో ఇరవై రెండేండ్లు టికెట్లు కొట్టినా. ఫారినోళ్ళు ఎక్కేవాళ్ళు, రద్దీలో ఏదో ఒక బిళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు. డిపోలో నా జేబులోంచి రూపాయి కట్టి, ఆ బిళ్ళను నేను ఇంటికి తెచ్చుకునేవాన్ని. ఇంట్లో మీ లక్ష్మక్క ఇప్పటికీ తిడతాది. ఇదిగో, కువైటుది. దీని మీద పడవ.”

“ఎడారి దేశానికి పడవ యాడిది?”

“సముద్రం ఉండాది హరినాథూ వాళ్ళకు. ముత్యాలకు పోయేవాళ్ళంట.”

“వద్దు మామా. పడవ అంటే మునిగేది. బోరు ఏసే పొద్దు మునిగేదాని మొగం చూడకూడదు.”

“సరే, సౌదీది చూడు. చెట్టు, దాని కింద రెండు కత్తులు.”

“చెట్టా? అసలే వద్దు! వాడి పెండ్లాం వార్డు మెంబరుకు నిలబడింది టెంకాయ చెట్టు గుర్తు మీదనే!”

“ఇది ఖర్జూరం చెట్టప్పా.”

“చెట్టు చెట్టే. నా పెండ్లాం వనజాక్షి ఈ బిళ్ళ చూసిందంటే నాకు ఈ పొద్దు ఇంట్లో సంగటి ఉండదు.”

“మామా, ఆయప్ప పెండ్లాం ఉంగరం గుర్తు మీద నిలబడి మా రేఖ ఓట్లు చీల్చకుంటే...”

“ఎవురు ఎవురివి చీల్చినారో అడుగు మామా వాన్ని!”

“ఇద్దరూ నిలబడినారు, ఇద్దరూ ఓడిపోయినారు, గెలిచింది ఆదెప్ప కోడలు. ఊరంతటికీ తెలుసు. దానికి ఐదేండ్లు మాటల్లేవు. ఇప్పుడు బిళ్ళ సంగతి చూడండి. ఆస్ట్రేలియాది, కంగారూ.”

“అది ఎగురుతాది కదా మామా.”

“ఎగిరితే నీకేమి జయరాముడూ?”

“ఎగిరేదాన్ని ఎగరేస్తే యాడ పడతాదో ఎవురికి తెలుసు? ఆ మూలన దూదిలో చుట్టి పెట్టినావే, అదేంది?”

“అది వద్దు.”

“ఏంటికి వద్దు?”

“అది ఎగరేసే బిళ్ళ కాదు, చూసుకునే బిళ్ళ. బోట్స్‌వానా అని ఆఫ్రికాలో ఒక దేశం. ఆ దేశం ఆమె ఒకామె పుట్టపర్తిలో దిగేటప్పుడు ఇచ్చిపోయింది. జిల్లాలో ఇంకొకరి దగ్గర ఉంటే నా మీసం తీసేస్తా.”

“నీకు మీసం లేదు కదా మామా.”

“పెంచి తీసేస్తా.”

“వాడు చూస్తే నేనూ చూడల్ల. ఇట్లియ్యి. ఏంది, దీనికి ఏడు మూలలుండాయి! ఏడు మూలల దుడ్డు యాడన్నా ఉంటాదా?”

“ఆ దేశంలో ఉంటాది. దాని పేరు పుల.”

“పూలా?”

“పూలు కాదు హరినాథూ, పుల. వాళ్ళ బాసలో పుల అంటే వాన. మనం రూపాయి అన్నట్ల వాళ్ళు వాన అంటారు.”

“అంటే సంతకు పోయి రెండు వానలిచ్చి వంకాయలు తెచ్చుకుంటారా?”

“నవ్వొద్దు జయరాముడూ. ఆ దేశం గూడా మన మాదిరే కరువు సీమ. మబ్బు పడితే చాలు, పిల్లా జెల్లా బయటికొచ్చి చూస్తారంట. వాళ్ళకు వానకంటే విలువైంది ఏముండాది? అందుకే దుడ్డుకు ఆ పేరు పెట్టుకున్నారు. ఆమె బస్సు కిటికీలోంచి మన చేన్లు చూసి, అచ్చం మా ఊరే అని చెప్పింది. అప్పుడిచ్చింది ఇది.”

“...ఇదే ఎగరేయి మామా.”

“నాకూ ఇదే కావల్ల. ఆయప్పకు చెప్పు.”

“చూసినారా, మీరిద్దరూ ఒక మాట మీదికి వచ్చినారు! సరే, ఎగరేస్తా. కానీ పోగొడితే ఇద్దరి తోలు వలుస్తా. ఒక దిక్కు చారల గుర్రం. ఇంకో దిక్కు వాళ్ళ దేశం ముద్ర. పెద్దోడు ముందు కోరుకోవల్ల.”

“గుర్రమా ఇది? చారల గాడిద. కండ్లకు బాగా కనపడతాండాది. నాది గాడిద.”

“మామా, ఆ ముద్రలో ఏముండాయి?”

“ఇదో, బూతద్దం పెట్టి చూపిస్తా. కింద ఎద్దు తలకాయ. నడుమ మూడు వంకర గీతలు. అవి నీళ్ళు.”

“నీళ్ళా! నీళ్ళుండే దిక్కు నాది.”

“నీళ్ళుండాయని ముందే చెప్పలేదే మామా! వాడికి నీళ్ళిచ్చి నాకు గాడిదనిస్తావా? మార్చు.”

“మార్చేది లేదు. నోటితో అన్నావు, అయిపాయ. తువ్వాల పరుస్తాండా. తువ్వాల మీద పడిందే లెక్క. గాడిద పడితే పెద్దోడి చేన్లో బోరు, ముద్ర పడితే చిన్నోడి చేన్లో. ఎవురూ దగ్గరికి రావద్దు. ఒకటి... రెండు... ఇదో!”

“ఏం పడె? ఏం పడె?”

“తోయొద్దప్పా! ముద్ర. జయరాముడిదే బోరు.”

“గెలిచినా! ఓ డ్రైవరన్నా, లారీ ఇట్ల తిప్పు, నా చేన్లోకి!”

“నిలుపు లారీ! మామా, ఆ బూతద్దం ఇట్లియ్యి. ఈ ముద్రకు ఆ పక్క ఈ పక్క నిలబడుకున్నవి ఏంది?”

“...ఏవో ఉంటాయిలేప్పా.”

“ఏవో కాదు. చారల గాడిదలు! ఈ దిక్కొకటి, ఆ దిక్కొకటి! నేను కోరింది ఒక గాడిద, పడినవి రెండు. రెండింతలు గెలిచినా నేను!”

“మామా, ఆ గాడిదలు కావలికి నిలబడినాయి. ముద్ర ముద్రే. అందులో నీళ్ళు నావి.”

“గాడిద అన్నా, గాడిద పడింది. ఎగరేసింది నువ్వే కదా మామా. చూసి చెప్పు, ఉండాయా లేవా?”

“ఉండాయి. వాళ్ళకు ఆ మెకమంటే ప్రాణం హరినాథూ, రెండు దిక్కులా పెట్టుకున్నారు. నాకు ఆ గ్యానం ముందే ఉండల్ల. మల్లా ఎగరేద్దాం.”

“మల్లా ఏంటికి? ముద్ర పడింది, గెలిచినోన్ని నేను. ఆ బిళ్ళ నాకియ్యి, లారీ డ్రైవరుకే చూపిస్తా.”

“వాని చేతికియ్యొద్దు మామా! రేయ్, ఇడుసు! ఇడుసురా తిక్కనాయాలా!”

“హరినాథూ, నువ్వు తమ్మునితో మాట్లాడినావు!”

“మాట్లాడలేదు. తిట్టినా.”

“అయ్యయ్యో, జారె! పట్టుకోండప్పా, ఏడు మూలలున్నా దొర్లుతాండాది! ఆడ, ఆడ... పడిపాయ.”

“యాడ పడె?”

“మీ నాయన ఏసిన పాత బోరు గొట్టంలో. లారీ ఎనక్కి వచ్చేటప్పుడు డ్రైవరు మూత రాయి పక్కకు జరిపినట్లుండాడు. ఐపాయ. నా పుల ఐపాయ.”

“అది ఎండి పన్నెండేండ్లాయ మామా. వాడే తోసినాడు బిళ్ళను. వాడితోనే తీపిచ్చుకో.”

“ఆయప్ప చెయ్యి లాగకుంటే జారేదా? ఉండు మామా, ఏడొద్దు. బోర్లా పండుకొని చూస్తా. ఆ... కనపడతాండాది. మూరెడు లోతులో గొట్టం అతుకు కాడ తగులుకోనుండాది.”

“చెయ్యి పెట్టొద్దప్పా, కిందికి జారుతాది. చీనీ కొమ్మ ఒకటి ఇరుసుకరా హరినాథూ, కొనకు నా నోట్లో ఉండే చూయింగ్ గమ్ అంటిచ్చి తీద్దాం.”

“ఇదో కొమ్మ. వాడికియ్యి. మెల్లిగా అని చెప్పు. ఎడమకు అని చెప్పు. ఎడమకు రా! అది కుడి! నీకు చిన్నప్పటి నుంచి ఎడమ ఏదో తెల్దు!”

“నువ్వు అరుస్తాంటే కొమ్మ యాడికో పోతాండాది! ...థూ.”

“ఏమాయ జయరాముడూ?”

“జారిపాయ మామా. కిందికి పోతాండాది. టింగు టింగు అంటాండాది, ఇనపడతాండాదా?”

“ఇనపడకుంటే బాగుండు. ఇరవై రెండేండ్ల సర్వీసులో నాకు దొరికినవాట్లో అదే గొప్పది. లక్ష్మక్కకు తెలిస్తే పండగ చేసుకుంటాది.”

“అంతా వాడి వల్లే మామా. ఇంకో బిళ్ళ తియ్యి. ఆ పడవదే తియ్యి, మునిగినా పరవాలేదు. డ్రైవరు మల్లా హారను కొడతాండాడు.”

“ఉష్.”

“ఉష్ అంటాడేంది వాడు?”

“గమ్మునుండండి ఇద్దరూ. మామా, ఒక గులకరాయి ఇట్లియ్యి.”

“రాయి ఏంటికప్పా? నా బిళ్ళ మీద ఏస్తావా?”

“ఇయ్యి అంటే! ...ఉండండి. ...ఉండండి. ...అన్నా.”

“ఎవున్ని పిలుస్తాండాడు మామా వాడు?”

“నిన్నే అన్నా. రాయి బుడుంగుమనె, వంగి ఈడ చెవి పెట్టు. మన బోర్లో నీళ్ళుండాయి.”