మూడో హెల్మెట్

అలా చూడకండి అన్నయ్యగారూ. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నారు. తిట్టాలనుంటే కళ్ళతోనే తిట్టండి, కాదనను. కానీ అలా రెప్ప వేయకుండా చూస్తూ ఉంటే నేను చెప్పడానికొచ్చింది చెప్పలేను.

గుర్తుపట్టారుగా? హెల్మెట్ లేకుండా నన్ను చూడడం మీకిదే మొదలు. నా పేరు భానుశ్రీ. కొత్తగూడ దగ్గర మీ టిప్పరు కింద పడి పోయిన రవికిరణ్ భార్యని.

లేవకండి, లేవకండి. దవడకి తీగలు వేశారట కదా. ఆరు వారాల దాకా నోరు తెరవకూడదట. బయట కాపలా ఉన్న కానిస్టేబుల్ నర్సింహ చెప్పాడు. పోయినాయన భార్యనంటే, "జల్దీ మాట్లాడి రామ్మా, సార్ వస్తే నాకు పరేషాన్" అని టీ తాగడానికి వెళ్ళాడు. మీ ఆవిడ కనకమ్మగారు కింద మందుల దగ్గర లైన్లో ఉన్నారు. అంచేత మనకున్నది పావుగంట.

మీ దవడ రెండు చోట్ల విరిగింది. దాన్ని అమెరికా డాక్టర్లు ఏమంటారో నాకు తెలుసు. నా ఉద్యోగమే అది. మాదాపూర్‌లో ఆ గుండ్రటి బిల్డింగు లేచాక చుట్టుపక్కల బోలెడు ఆఫీసులు వచ్చాయి కదా, అందులో ఒకదాంట్లో. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పింది చెవులకి పెట్టుకుని వినడం, టైపు చేయడం. రోజూ ఎనిమిది గంటలు. విరిగిన ఎముకల గురించి ఎన్ని వేల పేజీలు కొట్టానో. విరుగుతుంటే ఎలా చప్పుడవుతుందో మాత్రం మీ దగ్గరే విన్నాను.

అవునండీ, విన్నాను. చూశాను కూడా. మట్టి కుప్ప మీద పడి ఉన్నా నాకు స్పృహ పోలేదు. టిప్పరు డ్రైవర్లెవరైనా ఏం చేస్తారు? దూకి పారిపోతారు. పొలాల్లో పడి పోతే మిమ్మల్నెవరు పట్టుకునేవాళ్ళు? మీరేమో దిగి నా వైపు పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, జర లే అమ్మా, దెబ్బ తాకిందా" అంటూ నన్ను లేపబోయారు. అప్పుడు దొరికిపోయారు.

మెడలో కార్డులు వేలాడేసుకున్న వాళ్ళండీ కొట్టింది. ఇస్త్రీ చొక్కాలు, నల్ల బూట్లు. ఒకడు మా ఆయన తలమీంచి ఊడి దొర్లిన హెల్మెట్ తీసుకుని దాంతోనే మీ మొహం మీద కొట్టాడు. మూడు దెబ్బలకి మామూలు చప్పుడే. నాలుగో దెబ్బకి మారింది. అయినా ఆపలేదు వాడు. నోట్లోంచి రక్తం, పళ్ళు, అన్నీ మట్టిలో. మీరు అప్పటికీ నా వైపే చెయ్యి చూపిస్తున్నారు, ఆమెని చూడండి, ఆమెని చూడండి అని.

ఆపండి అని ఒక్క మాట అంటే ఆపేవాళ్ళు. నేననలేదు.

మర్నాడు స్టేట్‌మెంటూ ఇచ్చాను. మావయ్యగారు విశ్వేశ్వరరావుగారు చెబుతుంటే బావగారు రాశారు, నేను సంతకం పెట్టాను. వెనక నుంచి హారన్ కొట్టకుండా స్పీడుగా వచ్చి గుద్దేశాడని.

మంచం కొట్టకండి, ఎవరైనా వస్తారు. మీరు హారన్ కొట్టారు. రెండు సార్లు చిన్నగా, ఒకసారి గట్టిగా. నాకు వినపడింది. ఆయనకే వినపడలేదు.

ఎందుకు వినపడలేదో తెలియాలంటే ఆ హెల్మెట్ల సంగతి చెప్పాలి.

ఆయన ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్ళొచ్చారు, నిరుడు. అందరూ చాక్లెట్లు, సెంటు సీసాలు తెస్తారు. ఈయన రెండు హెల్మెట్లు తెచ్చారు. లోపల చెవుల దగ్గర చిన్న స్పీకర్లు, నోటి దగ్గర మైకు, నడుముకి తగిలించుకునే డబ్బా. వైర్‌లెస్. ఒకరు మాట్లాడితే రెండో వాళ్ళ చెవిలో పడుతుంది, ఎంత గాలి ఉన్నా సరే. ఈ ఊళ్ళో బండి నడిపేవాళ్ళే హెల్మెట్ పెట్టుకోరు, వెనక కూర్చున్న ఆడది పెట్టుకుంటే నవ్వరూ? కూకట్‌పల్లిలో మా పక్కింటి పిల్లలు "ఆంటీ, రాకెట్ ఎక్కుతున్నారా" అనేవాళ్ళు. వాళ్ళమ్మ మాత్రం, "ఎంత ప్రేమండీ మీ ఆయనకి, దారంతా కబుర్లేనా" అని మురిసిపోయేది.

కబుర్లే.

మా ఇంట్లో ఆయన గొంతు పైకి లేచేది కాదన్నయ్యగారూ. అమ్మానాన్నల ముందు బంగారం. కొట్టేది గదిలో, తలుపేసి, టీవీ పెట్టి. ఒంటి మీద మచ్చలు కనపడకూడదు కదా, అందుకని బండి దిగేటప్పుడు నా పిక్కని సైలెన్సరుకి ఆనించి నొక్కిపట్టేవారు. సైలెన్సరు తగిలిందంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఊళ్ళో ప్రతి ఆడదానికీ ఉంటుంది ఆ మచ్చ. నాకు ఏడున్నాయి.

అయినా భరించానండీ. ఎలాగో చెప్పనా? పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట బండి మీద వెళ్ళేవాళ్ళం. గాలి హోరుకి ఆయనేమన్నా నాకు వినపడేది కాదు. ఆ కొండరాళ్ళు, కల్లు దుకాణాలు, పేల్చిన బండల పక్కన వంట చేసుకునే కూలివాళ్ళు, అన్నీ చూస్తూ కూర్చునేదాన్ని. రోజు మొత్తంలో ఆ గంటే నాది. దాని కోసమే పొద్దున్నే లేచేదాన్నంటే నమ్మండి.

అది ఆయనకి ఎలా తెలిసిందో తెలియదు. తెలిసింది. ఆ గంటలోకి కూడా వచ్చేశారు.

హెల్మెట్ పెట్టుకున్న దగ్గర్నుంచి మొదలు. సాయంత్రం తలుపేశాక ఏం చేస్తారో పొద్దున్నే చెప్పేవారు. మెల్లిగా, నిదానంగా, కూర ఎలా వండాలో చెప్పినట్టు. ముందు జుట్టు, తర్వాత వేళ్ళు. ఏ వేలు. ఎటు వంచాలి. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండి వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు. సౌండు తగ్గించుకుంటానేమోనని నా డబ్బాకున్న మీటని టేపు వేసి అతికించేశారు. హెల్మెట్ తీస్తే ఇంటికెళ్ళాక దానికి వేరే లెక్క. చెవుల్లో మనిషి దూరి కూర్చుంటే ఎక్కడికి పారిపోతాం చెప్పండి?

పైగా నాకో పని అప్పజెప్పారు. బండికి అద్దాలుంటే ముసలాళ్ళ బండిలా ఉంటుందని విప్పేయించారు. "నువ్వే నా అద్దం" అనేవారు. వెనక్కి తిరిగి చూస్తూ ఉండాలి. లారీ వస్తోంది, బస్సు వస్తోంది, ఎవరూ లేరు, ఇలా చెబుతూ ఉండాలి. సరిగ్గా వెనక్కి తిరగాలని చీర మాన్పించి చుడీదార్ వేయించారు. ఏడాది పాటు చెప్పాను. ఒక్కరోజు తప్పు చెప్పలేదు. నేను చెప్పందే ఆయన కుడి వైపు తిప్పేవారే కాదు.

ఆ రోజు పొద్దున ఏమయిందంటే, మా పాప రసజ్ఞకి ఐదేళ్ళు. జూన్‌లో మా ఆఫీసు దగ్గర బడిలో వేస్తున్నాం. అప్పట్నుంచి అదీ రోజూ మాతోనే, పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని రావాలి. కొండాపూర్ దాటుతుంటే ఆయన చాలా సంతోషంగా చెప్పారు. ఫ్రెండు సింగపూర్ నుంచి వస్తున్నాడట. మూడో హెల్మెట్ తెమ్మన్నారట. చిన్న సైజుది. దానికీ స్పీకర్లు. "ముగ్గురం మాట్లాడుకుంటూ వెళ్ళొచ్చు. అమ్మ సంగతులన్నీ దానికీ తెలియాలి కదా" అన్నారు.

అన్నాక మళ్ళీ మొదలుపెట్టారు. నన్నేం చేస్తారో. ఆ మాటలే, అదే గొంతు. కానీ ఈసారి నాకు చెబుతున్నట్టు లేదు. పాపకి చెబుతున్నట్టుంది. ప్రాక్టీసు చేస్తున్నట్టుంది.

అప్పుడే మీ హారన్ వినపడింది. అద్దం దించుకుని తన మాటల్లో తానున్న ఆయనకి వినపడలేదు. వెనక్కి తిరిగాను.

ఇప్పుడు చెబుతాను, నేనెందుకొచ్చానో. మీ కనకమ్మగారు నిన్న మా ఇంటికొచ్చారు. "నీ పెనిమిటి పోయిండు, ఇగ నా పెనిమిటిని గూడ జైల్ల ఏస్తే నీకేమొస్తది బిడ్డా" అని గేటు సందులోంచి చెయ్యి పెట్టి నా కాలివేళ్ళు పట్టుకున్నారు. గేటుకి మావయ్యగారు తాళం వేయించారు. ఆవిడ కోసమే వచ్చానని చెబుదామనుకున్నాను ఇందాకటి దాకా. కాదండీ. మీరు నన్ను చూశారు కాబట్టి వచ్చాను.

నేను తిరిగినప్పుడు హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంది. మీరు పైన సీట్లో. తలకి ఎర్ర తువ్వాలు. ఒకళ్ళనొకళ్ళం సరిగ్గా చూసుకున్నాం. మీరు తల కూడా ఊపారు, వస్తున్నా అన్నట్టు. వెనకావిడ చూసింది, ముందాయనకి చెబుతుంది, ఇంక ఫికర్ లేదనుకున్నారు. అందుకే బ్రేకు వేయలేదు. నామీద నమ్మకంతో వేయలేదు. అవునా? అవునంటే కళ్ళు మూయండి చాలు.

అవును. నాకు తెలుసు.

ఆయన అడిగారు, "వెనకెవరైనా ఉన్నారా?" అని. రోడ్డుకి కుడివైపు పెట్రోలు బంకుకి తిప్పాలి.

మొన్నటి దాకా నాకు నేనే చెప్పుకున్నాను, మాట పెగల్లేదని. భయంతో నోరు పడిపోయిందని. అలాగైతే ఆయన తిప్పేవారు కాదు. నేను చెప్పందే తిప్పరని చెప్పానుగా.

"ఎవరూ లేరండీ, తిప్పండి" అన్నాను. రోజూ చెప్పినట్టే చెప్పాను. నేనూ పోతాననే అనుకున్నాను, ఎందుకు పోలేదో దేవుడికే తెలియాలి. ఆయన అరిచిన అరుపు చివరి దాకా నా చెవుల్లోనే పడింది. తర్వాత గరగరమంది. తర్వాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో నాకెంత హాయిగా ఉందో చెబితే మీరు అసహ్యించుకుంటారు. ఇప్పటికి తొమ్మిది రోజులు, ఆయన కోసం ఒక్క చుక్క రాలేదు. మీ మొహం చూస్తేనే వస్తోంది.

ఇక్కణ్ణుంచి పోలీస్ స్టేషనుకే వెళ్తున్నాను. మీకిది ముందు చెప్పాలనిపించింది.

ఏంటండీ ఆ చెయ్యి? అంత ఎత్తు? ఆ, పాపా. పాప సంగతేంటంటున్నారా? నిన్న సాయంత్రం మా అక్క వీరలక్ష్మి వచ్చి తణుకు తీసుకెళ్ళిపోయింది. మావయ్యగారికి తెలియకుండా బస్సెక్కించాను. మళ్ళీ ఎప్పుడు చూస్తానో తెలియదు.

తల అలా తిప్పకండి, తీగలు కదులుతాయి. వద్దంటున్నారా? హారన్ కొట్టాడు, మా ఆయనే చూసుకోకుండా తిప్పాడు అని చెప్పి ఊరుకోమంటారా? మీకది చాలు, నాకూ చాలు. అంతేగా? నేనూ రాత్రంతా అదే అనుకున్నాను.

చెయ్యి వదలండి అన్నయ్యగారూ, స్టేషనుకి వెళ్ళాలి. మీకేమీ కాని నాకోసం ఒకసారి బండి దిగొచ్చారు, మీకేం మిగిలిందో చూసుకోండి. ఇంకోసారి దిగకండి.