ఖాళీ గొలుసు

రైన్ నది ఒడ్డున ఒక మఠం. మఠాధిపతి యూకేరియస్ గదిలో ఆయన పాత శిష్యుడు వెండెలిన్. ఇప్పుడతను బాసెల్ అచ్చుకూటంలో పండితుడు.

"నిన్ను కూర్చోమని నేను చెప్పలేదు."

"నిలబడే అడుగుతాను గురువుగారూ. ఆ పాత ప్రసంగాల పుస్తకం ఇప్పించండి, వెళ్ళిపోతాను."

"ఏ పుస్తకం?"

"ఏ పుస్తకమంటారేమిటి! ఆరువందల ఏళ్ళ నాటి తోలు పుటల పుస్తకం. మీ పక్కన కూర్చునే చదివాను."

"ఈ మఠంలో చాలామంది చదువుకున్నారు. ఎవరూ నీలా ఊరూరా చర్చి పరువు తియ్యలేదు."

"నేను తీశానా? ఆ ప్రసంగాల కొత్త ప్రతుల్లో డబ్బిస్తే చచ్చినవాళ్ళ పాపాలు కూడా పోతాయన్న ఆ ఒక్క వాక్యం చూపించే కదా క్షమాపత్రాలు అమ్ముతున్నారు! మీ పాత ప్రతిలో అది లేదు. ఎవరో తర్వాత చేర్చారు. అందుకే నేను ఆ ప్రసంగాలు అచ్చువేసినప్పుడు దాన్ని వదిలేశాను."

"నువ్వే కోసేశావంటున్నారు బిషప్ గారి మనుషులు."

"అందుకే కదా వచ్చింది! రేపు వాళ్ళ ముందు ఆ ప్రతి పెట్టకపోతే మతద్రోహినని నన్ను తగలబెడతారు."

"ముందే ఆలోచించుకోవాల్సింది."

"పాత ప్రతి దొరికితే కొత్తదాన్ని నమ్మకురా అన్నదెవరు?"

"మెల్లగా! తలుపవతల మఠం బ్రదర్లున్నారు."

"ఓహో, భయమా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"పుస్తకం ఇవ్వండి, నోరు మూసుకుంటాను."

"లేదు."

"ఇవ్వనంటారా, లేదంటారా?"

"లేదంటున్నాను. ఎలకలు కొట్టేశాయి."

"ఎలకలా! గొలుసుతో బల్లకి కట్టిన పుస్తకాన్నా? గొలుసు ఖాళీగా వేలాడుతోంది, వస్తూ చూశాను. ఎవరికి ఇచ్చేశారు?"

"కోయించాను."

"ఏం చేయించారూ?"

"అరవకు. నీ పుస్తకం బాసెల్ నుంచి విడి కాగితాల కట్టగా వచ్చింది. అట్ట వేయించొద్దూ? అట్టలు కట్టే బ్రదర్ పాత తోలు కావాలన్నాడు. అదంతా ఇప్పుడు అచ్చులో ఉందిగా, ఆ పాతది ఇంకెవరు చదువుతారులే అనుకున్నాను. దాన్నే కోసి వెయ్యమన్నాను. నీ పుస్తకానికి గట్టి అట్ట పడాలని."

"మతి పోయిందా మీకు! ఛీ... సరే. సరే. నా పుస్తకం తెండి. అట్ట ఊడదీస్తాను. ఆ వాక్యం లేదని చూపే ముక్క ఒక్కటి దొరికినా చాలు."

"వెండెలిన్..."

"ఎక్కడుంది? ఆ పెట్టెలోనా?"

"మొన్న ఆదివారం బిషప్ గారి తాఖీదు వచ్చింది. నీ పుస్తకాలన్నీ చర్చి ముందు కాల్చమని."

"మీరు దాచే ఉంటారు. దాచారు కదూ?"

"అందరికంటే ముందు మంటలో వేసింది నేనే. నీకు ఇవన్నీ నేర్పింది నేనని ఎవరికీ అనుమానం రాకూడదని."

"వెళ్తాను."

"అలా చూడకు. ముసలివాణ్ణి. ఎక్కడికిరా, ఆగు! రేపు ఏం చెప్తావు వాళ్ళకి?"

"ఆ ప్రతి ఉంటే మీ పేరెత్తే పనే ఉండేది కాదు గురువుగారూ. ఇప్పుడు దాన్ని నాతోపాటు చదివిన సాక్షి మీరొక్కరే."