పై గది నేలతలుపు

హలో… ఆ, నేనే. మార్జరీని. పెట్టెయ్యకు నార్మన్! నా గొంతు వినగానే పెట్టేసే రోజు కాదివాళ.

విల్ఫ్ పోయాడు. మీ అన్న పోయాడు.

…

తెల్లవారుజామున. పై గదిలో, మంచం మీదే… లేదు, బాధపడలేదు. టీ పట్టుకెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడింది.

విను, ఏడుపు తర్వాత. నీతో పనిపడింది.

స్కిప్టన్ నుంచి శవపేటికవాళ్ళొచ్చారు. మెట్ల దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నత్తగుల్లలాంటి రాతి మెట్లు… ఆ, నీ భుజాలే పట్టవు, ఆరడుగుల పెట్టె ఎట్లా తిరుగుతుంది?

గుడ్డలో చుట్టి, నిలబెట్టి దింపుతారట. నిలబెట్టి! బంగాళాదుంపల బస్తానా ఆయన? మూడొందల యాభై ఏళ్ళుగా ఈ ఇంట్లో పోయినవాళ్ళంతా పడుకునే దిగారు. మీ తాత, మీ నాన్న, మీ అమ్మ. పై గది నేలలో తలుపు తీసి, తాళ్ళు కట్టి, తిన్నగా వంటింట్లోకి. ఇంటి మగాడు కింద నిలబడి కాళ్ళవైపు అందుకునేవాడు.

ఆ తలుపు నువ్వు మూసేశావు. కింద పలకలు కొట్టి, సున్నం పూసి, తెల్లగా, నున్నగా…

తెలుసులేవయ్యా, ఇల్లన్నాక మారుతుంది. పశువుల కొట్టం వంటిల్లయింది. ఏనాడో సర్కారు కిటికీకింతని పన్నేస్తే మీ పెద్దలు ఉత్తరం కిటికీని రాళ్ళతో పూడ్చారు. స్నానాలగది ఇరికించారు. ఏమన్నా అన్నానా? కానీ ఆ తలుపు… నా జానెట్ ఆఖరిసారి దిగిన దారది. ఆరేళ్ళ పిల్ల. దాన్ని సున్నంతో చెరిపేశావు. ముప్ఫై ఏళ్ళు నీతో మాట్లాడనిది అందుకే.

దాన్ని మళ్ళీ తెరవడానికి అనుమతా? పాత ఇళ్ళ ఆఫీసుకి రాయాలా? వాళ్ళ కాగితం ఎనిమిది వారాలకొస్తుంది. అందాకా ఆగమని మీ అన్నకి నువ్వే వచ్చి చెప్పు!

…

ఏంటీ?

మూసెయ్యమని ఎవరడిగారు?… విల్ఫా?

అబద్ధం. ఇల్లు కొత్తగా కనపడాలన్న మోజుతో నువ్వే—

…

ఎప్పుడడిగాడు?… జానెట్‌ని దింపిన వారానికా.

…

ఆ. కింద నిలబడి అందుకున్నది ఆయనే. ఇంత చిన్న పెట్టెకి ఇంకో మనిషెందుకన్నాడు.

…

దాని కింద కూర్చుంటే రొట్టెముక్క గొంతు దిగడం లేదన్నాడా? నీ దగ్గరా అన్నది? నాతో ఒక్క మాట… నిన్ను నేను తిడుతుంటే పక్కనే కూర్చుని విన్నాడు కదయ్యా! నువ్వూ పడ్డావు. ముప్ఫై ఏళ్ళు… నాకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడా? మొద్దులు. అన్నాదమ్ములిద్దరూ మొద్దులే.

…

వద్దా? ఆయనకిష్టం లేదని తెరవొద్దంటావా?

లేదు నార్మన్. ఆయన చూడలేకపోయింది బతికున్నప్పుడు. ఇప్పుడాయన కళ్ళు నేనే మూశాను. నా పిల్ల ఆ దారిన ఒక్కతే దిగింది, దాని వెనకే మీరిద్దరూ మేకులు కొట్టారు. వాళ్ళ నాన్న కూడా అటే వెళ్తాడు.

రంపం తెచ్చుకో. సున్నం రాలితే రాలనీ, నేనూడుస్తా. ఆఫీసువాళ్ళడిగితే నేనే కోశానని చెప్తా. పైన తాళ్ళు ఆ మనుషులు పడతారు. కింద మాత్రం నువ్వుండాలి.

…

మోకాళ్ళ నొప్పులా? నాకు మాత్రం లేవా? నీ పక్కనే నేనూ నిలబడతా. నువ్వొక కాలివైపు, నేనొక కాలివైపు.

…

ఏడువు. ఏడ్చుకుంటూనే రా, బస్సు తప్పిపోతుంది. పెట్టేస్తున్నా.