బత్తాయి గింజలు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ వంటింట్లో కాబ్లర్ కోసం, అంటే పండ్ల మీద పిండి పరిచి కాల్చే తీపి వంటకం కోసం, ఓవెన్ వేడెక్కుతోంది. కూతురు చెర్రీల్లోంచి గింజలు తీస్తోంది, తల్లి బత్తాయి తొనల మీది తెల్లతోలు ఒలుస్తోంది.

"అమ్మా, పొద్దుగాల ఫోన్ల మేనత్తకు కాబ్లర్ ఎట్ల చెయ్యాల్నో చెప్పినవ్ గదా. గీ తెల్లతోలు, గింజలు తియ్యాలని చెప్పలేదేంది?"

"ఆమె అడగలే."

"తియ్యకుంటే ఓవెన్ల చేదయితది గదమ్మా! నల్లగొండ బత్తాయి తోటల పుట్టింది, ఆమెకు తెల్వదా?"

"తోటల పుట్టింది గని ఎన్నడన్న ఒలుచుకొని తిన్నదా? ఒలిచి పెట్టింది నేను."

"అయినా గంత కోపమా?"

"ఎల్బీనగర్ల ఆమె గృహప్రవేశానికి నేను కాబ్లర్ చేసి మోసుకపోతే, 'నా చేతి వంట' అని అందరికి వడ్డిచ్చింది. నాతోనేమో గిన్నెలు తోమిపిచ్చింది."

"ఇయ్యాల ఆమె వియ్యపురాలు ఒస్తున్నదట, పాపం."

"అందుకే గద ఎట్ల చెయ్యాల్నో అడిగింది. మనల్ని గూడ పిలిచింది."

"పోతమా?"

"పోకుంటె ఎట్ల? మనది మనం తిని పోదాం. ఆడ అందరు ఒక్క చెంచ నోట్ల పెట్టుకున్నంక అడుగుత: 'వదినె, ఇది గూడ నీ చేతి వంటేనా?'"