సగం గీసిన గడ్డం

ఏమే, మీ నాన్న ఇవాళ కూడా గది దాటలేదా? ఆ మూత్రం గొట్టం పెట్టిన దగ్గర్నుంచీ గోడకేసి తిరిగే పడుకున్నాడా? ఇలా కూర్చో. మా ఆయనదీ, అదే మీ మామయ్యదీ, అచ్చం ఇదే వరస. నువ్వు పుట్టకముందే పోయారులే, నీకేం తెలుసు. సెలూన్ నడిపేవారు. చేతిలో కత్తెర కంటే నోట్లో నాలుక చురుగ్గా ఆడేది. అలాంటి మనిషికి ఉన్నట్టుండి మూత్రం ఆగిపోయింది. పొట్ట కుండలా ఉబ్బింది. ఆస్పత్రికి పరిగెత్తితే ప్రోస్టేట్ గ్రంథి వాచిందని గొట్టం వేసి, సంచి తగిలించి పంపారు. ప్రాణం లేచొచ్చింది గానీ పరువు పోయిందనుకున్నారు ఆ మహానుభావుడు. సంచి నిండకూడదని మంచినీళ్ళు తాగడం మానేశారు. చూడు తెలివి! ఇంకేముంది, చలిజ్వరం, గొట్టం పూడుకుపోవడం. మార్చడానికొచ్చిన నర్సమ్మ నీ ఈడుదే, "తాతగారూ, నీళ్ళు తాగకపోతే మీకోసం మాటిమాటికీ నేను రావాలి. మీ మొహం చూడాలని నాకంత సరదాగా లేదు" అంది. సంచి ఎప్పుడూ నడుముకి కిందే ఉండాలని, ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలని నాకు చెప్పింది. నువ్వూ గుర్తుపెట్టుకో.

జ్వరం తగ్గినా సెలూన్ మొహం చూడలేదు. వాసనొస్తుంది, నలుగురూ నవ్వుతారు, అదీ బాధ. ఇంతలో ఈయన పాత ఖాతాదారు, బడి డ్రిల్లు మాస్టారు ఇంటికి దిగారు. రిటైరయ్యారు గానీ ఆ కేకలు రిటైర్ కాలేదు. ఇంకెవరిచేతా గీయించుకోక, గడ్డం చీపురులా పెంచుకొచ్చారు. "నా మెడ మీద కత్తి పెట్టే హక్కు నీకొక్కడికే ఇచ్చాను, పద" అన్నారు. ఈయన ఏమనుకున్నారో, వదులు పైజామా తెమ్మన్నారు. సంచి కాలికి కట్టి నేనూ సెలూన్‌కి వెంట వెళ్ళాను.

ఒక చెంప అయింది. రెండో వైపు తిరుగుతుంటే సంచి అడుగు మూత వదులైందో ఏమో, నేలమీద చిన్న మడుగు. బెంచీ మీదున్నవాళ్ళు చూశారు. ఈయన కత్తి పక్కన పెట్టేశారు. మాస్టారు కుర్చీలోంచి కదల్లేదు. అద్దంలోంచే ఈయన్ని చూసి, ఎంతో మెల్లగా, "తుడుచుకుంటే పోయేదానికి నన్ను సగం గడ్డంతో వీధిలోకి పంపుతావా?" అన్నారు.

బెంచీ మీద ఒకతను లేచి బకెట్ తెచ్చాడు. నేను మూత బిగించాను. ఈయన చేతులు కడుక్కుని సబ్బు నురుగు మళ్ళీ కలిపారు. కలుపుతూ కలుపుతూ ఎవరిదో పెళ్ళి కబురు ఎత్తుకుని నవ్వారు చూడు, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఇక రోజూ వెళ్ళారు. కొన్నాళ్ళకి గొట్టం తీసి చూశారు, మూత్రం రాలేదు, మళ్ళీ వేశారు. ఏడుస్తారనుకున్నా. సాయంత్రానికి షాపు తీశారు! ఆ తర్వాత ఆపరేషన్ చేసి గొట్టం తీసేశారు, చాలా ఏళ్ళు బతికారు. కానీ నాకేమిటో, గొట్టంతో ఉన్నప్పటి ఆ నవ్వే గుర్తుండిపోయింది...

సరేగానీ, మీ నాన్న చెప్పులెక్కడ పెట్టావే?