నిబారి ఎవరు

ఆ ఫోను ముందు సంచిలో పెట్టేయండి డాక్టరమ్మా. అది బల్ల మీద ఉంటే నాకు నోరు పెగలదు.

డాక్టర్ కాదా మీరు? కాకపోతే మాత్రం, మిర్తా అని పేరు పెట్టి ఎట్లా పిలుస్తాను? మా అమ్మ ఈడువాళ్ళు. డాక్టరమ్మా అనే అంటాను, ఏమనుకోకండి.

మీ మీద అనుమానం కాదు. పోయినసారి మనసు బాగాలేదని నేను వెళ్ళి కలిసిన ఆవిడ కూడా ఇట్లాగే నవ్వింది. తెల్లామె. మంచిదే. కాఫీ కూడా ఇచ్చింది. 'నిన్ను నువ్వు నల్లజాతి మనిషివనుకుంటావా, స్పానిష్ మాట్లాడే లాటినా అనుకుంటావా?' అని అడిగింది. ఏం చెప్పను? నేను పనిచేసే సెలూన్‌కి వచ్చే డొమినికన్ ఆడవాళ్ళు నా ముందే స్పానిష్‌లో అంటారు, 'నా తల ఆ నల్లదాని చేతికివ్వకండమ్మా' అని. నేనూ స్పానిష్‌లోనే అడుగుతాను, 'నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయా అమ్మా?' అని. అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు. మా అమ్మాయి బడి దగ్గర నల్లవాళ్ళేమో, 'నీది స్పానిష్ కదా, నువ్వు మాలో దానివెట్లా అవుతావు?' అంటారు. మేం గరీఫునా వాళ్ళం, స్పానిష్ దేశంలో సముద్రం ఒడ్డున ఉండే నల్లవాళ్ళం, మాకో సొంత భాష ఉంది అని చెప్పానా, అదేదో తినే వస్తువు అనుకుంటారు.

మీకు ఇదంతా చెప్పక్కర్లేదులే. మీరు మన మనిషే అని నోల్వియా పిన్ని ఒట్టు పెట్టి చెబితేనే వచ్చాను.

ఏం చెప్పబోతున్నాను? ఆ, మా అమ్మమ్మ.

మొన్నటి వానల్లో పోయింది. అక్కడ మన దేశంలో, త్రుహీయో దగ్గర, మా ఊళ్ళోనే. నేను వెళ్ళలేదు. ఇక్కడ ఉండనివ్వమని వేసుకున్న నా కేసు ఇంకా కోర్టులోనే ఉంది. ఈ దేశం దాటితే మళ్ళీ రానివ్వరు. పూడ్చిపెట్టడం ఫోన్‌లో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది.

అప్పట్నుంచీ వస్తోంది. తెల్లారే వేళకి నా మంచం పట్టె మీద కూర్చుని కర్రపెండలం దుంప తురుముతూ ఉంటుంది. ఆ చప్పుడు నాకు పళ్ళలో వినిపిస్తుంది. ఉన్నట్టుండి తలెత్తి, 'నిబారి, హిగాబు' అంటుంది.

మొదట్లో నిద్రలోనే. ఆ తర్వాత సెలూన్‌లో కూడా మొదలైంది. జుట్టు ఆరబెట్టే మిషన్లన్నీ మోగుతుంటే, ఆ హోరు కిందనుంచి మెల్లగా అదే పిలుపు. చేతుల్లో ఎవరిదో తల, నురగ. నేను వెనక్కి తిరిగి గోడ వైపు చూస్తుంటాను.

హిగాబు అంటే తెలుసు, రా అని. మా అమ్మకి కోపమొస్తేనే ఆ భాష బయటికొచ్చేది. చిన్నప్పుడు బడిలో గరీఫునా మాట్లాడిందని పంతులమ్మ మోకాళ్ళ మీద నిలబెట్టిందట. నా బిడ్డకి ఆ గతి వద్దు అని నాకు ఒక్క ముక్క నేర్పలేదు. ఆమె తిట్టగా తిట్టగా అంటుకున్నవే నాకు వచ్చు.

అమ్మమ్మకేమో స్పానిష్ అంతంతమాత్రం. సెలవులకి వెళితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. పెండలం రొట్టె చేపల పులుసులో ముంచి నా నోట్లో పెట్టేది. నా పేరు డిల్సియా కదా, ఒక్కరోజు కూడా ఆ పేరుతో పిలవలేదు. అప్పుడూ నిబారి అనే. ముసల్ది, ఎవరో పిల్ల అనుకుని నన్ను పిలుస్తోంది పాపం, అనుకునేదాన్ని.

ఇప్పుడు ఆ పేరే నా ప్రాణం తీస్తోంది. ఎవరీ నిబారి? ఎప్పుడో పోయిన పిల్లా? ఆ మంచం మీద ఉండేది నేనూ, మా అమ్మాయి యారిత్సా. ఇంకెవరున్నారని పిలుస్తుంది?

అదే చెప్పాను ఆ తెల్లామెకి. చచ్చిపోయిన మా అమ్మమ్మ వచ్చి రమ్మంటోంది అన్నాను. ఆమె మొహం గోడలా అయిపోయింది. 'వెళ్ళాలనిపిస్తోందా?' అంది. నోట్లో ముద్ద పెట్టిన చెయ్యి పిలుస్తుంటే వెళ్ళాలని ఎవరికి అనిపించదు? అనిపిస్తుంది అన్నాను. అంతే, ఫోను తీసి, ఈమె చావాలనుకుంటోందని ఎవరికో చెప్పింది.

నేను అరవలేదు. పరిగెత్తలేదు. అయినా ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకున్నారు. ఆస్పత్రిలో నా జడ పిన్నులు తీసేశారు, బూట్ల తాళ్ళు పీకేశారు. బడి వదిలాక యారిత్సా గేటు పట్టుకుని నిలబడే ఉందట. అందరి తల్లులూ వచ్చి వెళ్ళిపోయారట. చీకటి పడ్డాక మా పిన్నికి కబురు అందింది.

ఇంటికొచ్చిన తర్వాత తల్లులు పిల్లల్ని సరిగ్గా చూసుకుంటున్నారో లేదో చూసే ఆఫీసు నుంచి ఒకామె వచ్చింది. ఫ్రిజ్ తెరిచి చూసింది. యారిత్సాని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. ఏమడిగిందో పిల్ల నాకు చెప్పదు. ఆ రోజు నుంచి బూట్లు వేసుకునే పడుకుంటోంది, ఎనిమిదేళ్ళ పిల్ల. విప్పబోతే కాళ్ళు కడుపులోకి ముడుచుకుంటుంది. 'వాళ్ళు మళ్ళీ వచ్చి నన్ను తీసుకెళ్తే బూట్లు వేసుకోనివ్వరేమోనమ్మా' అంటుంది.

నేను బాగానే ఉన్నాను. కాసిని నీళ్ళివ్వండి.

మా పిన్నిదేమో ఇంకో పాట. 'ఇది జబ్బు కాదే పిచ్చిదానా. పోయిన పెద్దవాళ్ళు అడుగుతున్నారు. ఊరెళ్ళి డప్పులు కొట్టించి, వాళ్ళకి భోజనాలు పెట్టించు. లేకపోతే పిల్ల మీదికొస్తారు' అంటుంది. వెళ్ళానా, తిరిగి రాలేను. వెళ్ళలేదా, యారిత్సాకి తుమ్మొచ్చినా నా గుండె ఆగిపోతోంది. మొన్న దానికి ఒళ్ళు వెచ్చబడితే చేత్తో ముట్టుకోవడానికి కూడా భయపడ్డాను.

అమ్మకి ఫోన్ చేశాను, నిబారి ఎవరో అడుగుదామని. అమ్మమ్మ కలలోకి వస్తోంది అన్నానో లేదో, 'వచ్చేది ఆమె కాదు, సైతాను. ప్రార్థన చేసుకో' అని పెట్టేసింది. పిన్నిని అడగలేదు. ఫలానా పోయిన పిల్ల అని చెప్పిందనుకోండి, ఆ తర్వాత రాత్రిళ్ళు ఇంట్లో దీపం ఆర్పగలనా?

కానీ మీరు అక్కడే పుట్టి పెరిగారట కదా. మా వైపు ఆ పేరున్న పిల్ల ఎవరైనా పోయిందని విన్నారా?

ఏమిటీ? పేరు కాదా?

మళ్ళీ చెప్పండి.

నిబారి అంటే, నా మనవరాలా.

అంటే... రొట్టె నోట్లో పెట్టినప్పుడు కూడా? ఎవరో అనుకుని కాదు, నన్నేనా? అన్నేళ్ళూ?

ఉండండి. ఆ చేతిరుమాలు ఇటివ్వండి.

...

లేదు డాక్టరమ్మా, భయం తగ్గలేదు. యారిత్సాని ఆమె ఎన్నడూ చూడలేదు, పిలిచేది దాన్ని కాదు, నన్నే. ఆ మాత్రం ఊపిరి ఆడుతోంది. కానీ వేరే ఎవరినో పిలుస్తోందనుకుంటే దుప్పటి ముసుగేసుకుని పడుకోవచ్చు. నన్నే పిలుస్తుంటే ఎక్కడ దాక్కోను?

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఇది విని మీరు ఏం చేసినా చేయండి. ఆస్పత్రి వాళ్ళిచ్చిన మాత్రలు మానేశాను. అవి వేసుకున్నన్ని రోజులూ ఆమె రాలేదు. మంచం పట్టె ఖాళీ. అందరూ బాగుపడ్డావు అన్నారు. నాకేమో ఆమెని ఇంకోసారి పూడ్చిపెట్టినట్టనిపించింది, ఈసారి నా చేతుల్తోనే. మళ్ళీ వస్తుందేమోనని నేనే మానేశాను. అంత భయపడుతూ, నేనే.

ఆస్పత్రి వాళ్ళకి చెప్పాలా? చెప్తాను. మీరు పక్కన కూర్చుంటే చెప్తాను. ఒక్కదాన్నే ఆ గదిలోకి వెళ్ళలేను.

కానీ ముందు నాకు ఇది నేర్పండి. ఆమె రమ్మంటుంటే నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోతున్నాను. 'ఇప్పుడు రాలేను అమ్మమ్మా, నా బిడ్డ ఇంకా చిన్నది' అని చెప్పాలంటే మన భాషలో ఏమనాలి?

అంత పొడుగా? నెమ్మదిగా.

నవ్వకండి, నాలుక తిరగడం లేదు. ఆ చివరి ముక్క ఇంకోసారి చెప్పండి. రేపు తెల్లారేలోపు నాకు వచ్చేయాలి.