జినయీదా గారికి జలుబు చేయని ఏళ్ళు

రెండు వేల పదకొండు, సెప్టెంబరు నాలుగో తేదీన శ్రీమతి జినయీదా పావ్లోవ్నా గారు దోహాలోని మా సంగీత నాటక బృందంలో ప్రధాన గాయనిగా చేరారు. వోల్గా తీరాన సరాతోవ్ నగరంలో సంగీత విద్య ముగించి, స్వదేశపు రంగస్థలాలపై ఏళ్ళ తరబడి ఒపేరాలు పాడి, కీర్తిని వెంటబెట్టుకొని వచ్చిన ఆ విదుషీమణికి పూలగుత్తి అందించి స్వాగతం పలికినవారు మన సుకుమారి గారు. ఆ స్థానం తనదేనని నరసాపురంలోని బంధువులందరికీ అప్పటికే చెప్పుకొని ఉండడం వల్ల, ఆమెకు నవ్వు రావడం కొంత కష్టమైంది.

జినయీదా గారిది మెజో సొప్రానో, అనగా స్త్రీ స్వరాలలో నడిమి స్థాయికి చెందిన గంభీర గాత్రం. ఆ గాత్రానికి నాయిక పాత్రలు అరుదు. తల్లులు, మంత్రగత్తెలు, నాయికను చూసి ఓర్వలేని స్త్రీలు ఎక్కువ. ఆ అసూయను ఆమె వేదికపై అద్వితీయంగా అభినయిస్తుండగా, తెర పక్కన సుకుమారి గారు నిజంగానే అనుభవించేవారు. జినయీదా గారు పాడలేని రోజున పాడవలసింది ఆమే మరి! ఆ రోజే రాలేదు.

“ఆవిడకి జలుబైనా చెయ్యదేంటండీ! మనిషా, రాయా?” అని అల్ వక్రాలోని ఇంట్లో వాపోయేవారు.

“ప్రార్థనలో ఏదైనా అడుగు గానీ, అది మాత్రం అడక్కే,” అనేవారు భర్త రిచర్డ్ గారు.

ఒక మార్చి నెలలో దుమ్ముగాలి వీచింది. జినయీదా గారి గొంతు పూడుకుపోయింది. సుకుమారి గారు వెంటనే భర్తకు ఫోన్ చేశారు. “ఇవాళ నేనేనండీ! మంచి చొక్కా వేసుకు రండి.” అంతలో జినయీదా గారు వచ్చి, “నువ్వు బుగ్గన పెట్టుకునే ఆ కాయ ఉందా?” అని గుసగుసగా అడిగారు. లేదని చెప్పడానికి సుకుమారి గారు నోరు తెరిచారు. ఆ నోట్లోనే కరక్కాయ కనబడుతోంది! ఇక చేసేదేముంది, సంచిలోంచి మరో ముక్క తీసి ఇచ్చారు. ఆ రాత్రి జినయీదా గారు అమోఘంగా పాడారు. కొత్త చొక్కాతో వచ్చిన రిచర్డ్ గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, వారం రోజులు భార్య చేతి కూరకు నోచుకోలేదు.

మొన్న వీడ్కోలు విందులో జినయీదా గారే అసలు సంగతి చెప్పారు. “నీ గొంతు విన్న రోజు నుంచి నాకు భయం. ఆ దుమ్ముగాలి రోజున జ్వరంతో పాడాను. నువ్వు ఒక్కసారి పాడితే నన్ను మళ్ళీ పిలుస్తారా? నువ్వు తెర పక్కన నిలబడి ఉంటే నాకు జలుబు చేసే ధైర్యమెక్కడిది?”

“అయ్యో, ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పకుండా ఎంత ఏడిపించారండీ!” అంటూ సుకుమారి గారు ఆమెను కావలించుకొని ఏడ్చేశారు.

వచ్చే నెల నుంచి ఆ పాత్రలు సుకుమారి గారివి. తెర పక్కన చోటు కొత్తగా చేరిన షెరిన్‌ది. “ఆంటీ, గొంతు బాగానే ఉందా?” అని అప్పుడే రెండుసార్లు అడిగింది.

సరాతోవ్‌కు తిరిగి వెళుతున్న జినయీదా గారి విశ్రాంత జీవితం సుఖశాంతులతో, ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని బృందమంతా ఆకాంక్షిస్తోంది. వారి పెట్టెలో డబ్బాడు కరక్కాయలు సర్ది పెట్టిన సుకుమారి గారు ఈ పుట అచ్చుకు వెళ్ళే ముందు వచ్చి, “నూరేళ్ళూ ఒక్క జలుబైనా చెయ్యకూడదని రాయండి,” అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగారు.

“సరాతోవ్‌లోనే, అని కూడా రాయండి.”